బోర్డు మీద తెడ్డు

కరీబియన్ సముద్రంలోని కరియాకూ దీవిలో ఒక మనిషి అసలు పేరు తెలియాలంటే ఆ మనిషి చచ్చిపోవాలి. రేడియోలో చావుకబుర్లు చదివేవాడు "ఎగ్బర్ట్ నతానియేల్ కజో గారు" అని మొదలుపెడితే వంటింట్లో ఆడవాళ్ళు ఎవరబ్బా ఈయన అనుకుంటూ ఉప్పుచేప కడుక్కుంటూనే ఉంటారు. "పాలడబ్బాగా అందరికీ తెలిసినవారు" అనేసరికి చేతిలోది వదిలేసి, అయ్యో మన పాలడబ్బా పోయాడా అని వీధిలోకి పరిగెత్తుతారు.

అందుకే వెర్లిన్‌కి ఆ ఆలోచన వచ్చింది. ఆలోచన మంచిదే. ఆ తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా, ఆలోచన వరకూ ఆమెకు తప్పేమీ కనపడలేదు.

వేసవి సెలవుల్లో బెల్‌రోజ్ ఊరి పిల్లల చేత ఆ ఊరి చరిత్ర రాయించే పని ఆమె చేతికి వచ్చింది. పిల్లలంటే మరీ పిల్లలు కారు, మీసాలు మొలుస్తున్నవాళ్ళు, అద్దం వదలనివాళ్ళు. వెర్లిన్‌కీ వాళ్ళకీ వయసులో పెద్ద తేడా లేదు. ఆమెకు బడి మధ్యలోనే ఆగిపోయింది. యూనిఫారం లంగా హుక్కు పట్టని రోజున ఇంట్లో కూర్చోబెట్టారు, ఆ తర్వాత కియా పుట్టింది. లైబ్రరీ చూసుకునే మిస్ ఆర్లెట్ ఇంటికొచ్చి, "నీ మాటైతే పిల్లలు వింటారు. ఇది బాగా చేసి చూపించు, తర్వాత లైబ్రరీలో నీకేదైనా చూద్దాం," అన్నప్పటినుంచీ వెర్లిన్‌కి అదే ధ్యాస. రాత్రి చంటిదానికి పాలు పడుతూ కూడా మర్నాడు పిల్లలతో ఏం మాట్లాడాలో పెదాల మీద అనుకునేది.

చర్చి హాల్లో, తుఫాను తర్వాత కొత్తగా వేసిన రేకుల కింద, పిల్లలందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "ఒక్కో ముసలాయన దగ్గరికో ముసలమ్మ దగ్గరికో ఇద్దరిద్దరు వెళ్ళండి. వాళ్ళ కథ వినండి. బోర్డు మీద ఫొటో పెట్టి, కింద జనం పిలిచే పేరు పెద్దక్షరాల్లో రాయండి. అసలు పేరు దాని కింద చిన్నగా. లేకపోతే ఎవరి బోర్డో ఎవరికీ తెలీదు."

"మా మావయ్యని గబ్బిలం అంటారు మిస్. రాసెయ్యనా?" అన్నాడు కడీమ్.

"ఆయన్నడిగి రాయి."

"అడిగితే చంపేస్తాడు మిస్."

"వీడు పోతే వీడికో బోర్డు పెడదాం మిస్," అంది షెనెల్. "కింద ‘నోటిదూల’ అని పెద్దక్షరాల్లో."

హాలంతా గొల్లుమంది. వెర్లిన్ కూడా నవ్వింది. నవ్వు ఆగాక మిస్ ఆర్లెట్ పెట్టిన నియమం గట్టిగా చెప్పింది. రాసింది ఏదైనా ముందు ఆ మనిషి దగ్గరికి పట్టుకెళ్ళి చదివి వినిపించాలి. సరే అన్నాకే గోడకెక్కాలి. "మనం రాసేది వాళ్ళ బతుకు. వాళ్ళ చెవిన పడకుండా ఊరి కంట పడకూడదు," అంది. అలా అంటున్నప్పుడు తనకే ముచ్చటేసింది, చదువుకున్నదానిలా మాట్లాడానే అని.

షెనెల్‌కీ కడీమ్‌కీ వచ్చిన మనిషి తెడ్డు తాత. ఊరికి ఆ చివర, చేపల బుట్టలు అల్లుకుంటూ ఒంటరిగా ఉండే పడవలాయన. అసలు పేరు థియోఫిలస్ క్వాషీ. ఎదురుగా ఉన్నప్పుడు అందరూ మిస్టర్ థియో అనేవారు, వెనకాల తెడ్డు. బతుకంతా పడవల్లో గడిపినవాడు కదా, తెడ్డు అనక ఇంకేమంటారు అని పిల్లలు అనుకున్నారు. వెర్లిన్ కూడా అంతే అనుకుంది. పుట్టినప్పటినుంచీ వింటున్న మాట, చెవికి అరిగిపోయింది.

నిజానికి ఆయన వెర్లిన్‌కి చిన్నతాత అవుతాడు. ఆమె తాత ఆల్బన్‌కి సొంత తమ్ముడు. వెర్లిన్ తల్లి ఇంకా కడుపులో ఉండగానే ‘స్వీట్ రోజలిన్’ అనే పడవ మునిగింది. అన్నదమ్ములిద్దరూ అందులో ఉన్నారు. అన్న పోయాడు, తమ్ముడు వచ్చాడు. ఇంట్లో ఆ కథ ఈ రెండు ముక్కలే. ఆనాటి నుంచీ అమ్మమ్మ ఎమిలీనా ఆ మరిదితో మాట్లాడలేదు. చర్చిలో ఆయన ఎడమవైపు కూర్చుంటే ఆమె కుడివైపు. సముద్రంలో ఏం జరిగిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. అడిగే ధైర్యమూ ఎవరూ చేయలేదు.

పిల్లలతో పాటు వెర్లిన్ వెళ్ళినప్పుడు ఆయన తలెత్తి చాలాసేపు చూశాడు.

"నువ్వు ఆల్బన్ మనవరాలివి కదూ? ఆ నుదురు వాడిదే. మీ అమ్మమ్మకి తెలుసా ఇక్కడికొచ్చినట్టు?"

"తెలీదండి. చెప్తాను."

"చెప్పి రా. నాకెందుకొచ్చిన గొడవ," అన్నాడు, కానీ పిల్లలకి కూర్చోమని బల్ల చూపించాడు.

మెల్లగా చనువైంది. కడీమ్ బుట్టకి తీగ చుట్టడం నేర్చుకున్నాడు. షెనెల్ ఆయన చొక్కాకి గుండీ కుట్టింది. కియా ఆయన గడ్డం పట్టుకుని లాగేది. ఆయన దానికి లక్ష్మణఫలం గుజ్జు వేలితో నాకిస్తే, గింజ ఎక్కడ గొంతులో పడుతుందోనని వెర్లిన్ ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు లేవబోతుంటే ఆయన బుట్టమీంచి కళ్ళెత్తకుండానే అన్నాడు.

"రోజలిన్ గురించి చెప్తాను."

వెర్లిన్ మళ్ళీ కూర్చుంది.

"ఇప్పుడు కాదు పిల్లా. ఆ హాల్లో బోర్డులు పెడతారుగా, పడవపందేల రెగట్టా శనివారం. ఆరోజు అందరి ముందూ చెప్తాను. ఒక్కసారే. నేను పోయాక ఎవడికి తోచింది వాడు చెప్పుకోకుండా." తీగ బిగిస్తూ, "మీ అమ్మమ్మ వస్తుందా?" అని అడిగాడు.

ఆ సాయంత్రం వెర్లిన్ భయపడుతూనే చెప్పింది. అమ్మమ్మ మెట్ల మీద కూర్చుని కందుల్లో రాళ్ళు ఏరుతోంది. ఏరుతూనే ఉంది. తిడుతుందేమో అనుకుంది వెర్లిన్.

"నా నీలం గౌను ఎక్కడుందో చూడు. ఇస్త్రీ చేయించాలి," అంది చివరికి అమ్మమ్మ.

అప్పటినుంచీ వెర్లిన్‌కి బోర్డులూ లైబ్రరీ ఉద్యోగమూ రెండోవరసకి వెళ్ళిపోయాయి. శనివారం ఆ ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు, ఆయన మాట్లాడతాడు, ఈమె వింటుంది. తాత ఎలా పోయాడో అమ్మకీ తనకీ ఒక కథ అంటూ ఉంటుంది. అంతవరకూ ఏదీ చెడకూడదు. తుమ్ము వినబడినా శకునం చూసుకునేంత బెంగ పట్టుకుంది ఆమెకు.

షెనెల్, కడీమ్ కలిసి తెడ్డు తాత బోర్డు అందరికంటే అందంగా చేశారు. కడీమ్ ఫొటో పక్కన నిలువెత్తు తెడ్డు బొమ్మ వేశాడు, చెక్కలోని ఈనెలు కూడా కనపడేలా. ఫొటో కింద పెద్దక్షరాల్లో "తెడ్డు". అన్నిటికంటే కింద షెనెల్ సొంతంగా కట్టిన వాక్యం: "సముద్రం ఎంత లాగినా చేతిలోని తెడ్డును వదలని మనిషి."

"ఎలా ఉంది మిస్?"

"ఏం రాశావే! ఒళ్ళు పులకరించింది," అంది వెర్లిన్. నిజంగానే పులకరించింది.

దాన్ని చదివి వినిపించాల్సిన రోజున కియాకి జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలుతుంటే వెర్లిన్ పిల్లనెత్తుకుని క్లినిక్‌కి పరిగెత్తింది. అక్కడ కూర్చుని నర్సు పిలిచేదాకా ఉన్నవీ లేనివీ ఊహించుకుని ఏడ్చింది. పన్ను వస్తున్న జ్వరమేనని నర్సు నవ్వి పంపింది. మర్నాడు బోర్డులు గోడకి కొట్టేస్తుంటే కడీమ్ సుత్తి ఆపి అడిగాడు.

"మిస్, తెడ్డు తాతకి చదివి వినిపించలేదుగా మనం. ఒక్క పరుగున వెళ్ళొచ్చెయ్యనా?"

ఇంకా కుర్చీలు వెయ్యాలి, రంగు కాగితాలు కట్టాలి. చంటిది చంకలో మూలుగుతోంది.

"ఆయన మనవాడేరా. ఏమీ అనడు. రేపొచ్చి చూసి మురిసిపోతాడు. కొట్టు," అంది వెర్లిన్.

కడీమ్ కొట్టాడు.

రెగట్టా శనివారం దీవిలో నిలబడ్డానికి చోటుండదు. ఇంగ్లండు నుంచీ న్యూయార్కు నుంచీ వచ్చినవాళ్ళు, పక్క దీవుల పడవలవాళ్ళు, డప్పులు, వేయించిన చేపల వాసన. హాలు కూడా నిండిపోయింది. పాలడబ్బా బోర్డు దగ్గర ఆయన కొడుకులు ఫొటోలు దిగుతున్నారు. గబ్బిలం మావయ్య తన బోర్డు ముందు తనే నిలబడి, వచ్చినవాళ్ళందరికీ చేతులు విప్పి చూపిస్తున్నాడు. మిస్ ఆర్లెట్ వెర్లిన్ భుజం మీద చెయ్యేసి, "ఈ పేర్ల ఆలోచన నీదేనా? భలే పట్టావే!" అంది. నీలం గౌనులో అమ్మమ్మ ముందువరసలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, గోడలవైపు చూడకుండా మాట్లాడే బల్లవైపే చూస్తూ కూర్చుంది.

థియో తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు, షెనెల్ గుండీ కుట్టిన చొక్కా. గడ్డం గీయించుకున్నాడు. గుమ్మంలో టోపీ తీసి, ముందువరసలో నీలం గౌను చూసి ఆగాడు. తర్వాత షెనెల్ ఆయన చెయ్యి పట్టుకుని, "రా తాతా, ముందు నీ బోర్డు చూద్దువుగాని," అని లాక్కెళ్ళింది.

వాళ్ళకంటే ముందే అక్కడ ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక బొజ్జాయన నిలబడి ఉన్నాడు. థియో ఈడువాడే. బోర్డు చూసి, మనిషిని చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓరి నీ దుంపతెగ! తెడ్డు! ఇంకా వదల్లేదా ఆ తెడ్డుని? బొమ్మ కూడా వేయించుకున్నావే!"

పిల్లలకి అర్థం కాలేదు. కానీ ఆ చుట్టుపక్కల నిలబడ్డ ముసలివాళ్ళందరూ ఒక్కసారిగా గ్లాసుల్లోకి చూసుకోవడం మొదలుపెట్టారు. వెర్లిన్ ఆ ముసలివాళ్ళని చూసింది. ఏదో జరిగిందని మాత్రం తెలిసింది.

థియో కళ్ళద్దాలు పెట్టుకుని పెద్దక్షరాలు చదివాడు. కింది వాక్యం చదివాడు. పెదాలు కదుపుతూ మళ్ళీ చదివాడు. బొమ్మ మీద వేలు పెట్టి, "ఎవరేశారిది?" అన్నాడు.

"నేనే తాతా," అన్నాడు కడీమ్ ఛాతీ పొంగించి.

"బాగుంది. పట్టుకునే చోట అరిగినట్టు కూడా వేశావు."

అంతే. టోపీ పెట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. "మిస్టర్ థియో, మీరు మాట్లాడాలిగా," అంటూ వెర్లిన్ వెంట వెళ్ళింది. ఆయన ఆగకుండానే చెయ్యి కొంచెం పైకెత్తాడు, ఈగను తోలినట్టు కూడా కాదు, పోనీలే అన్నట్టు. డప్పులవాళ్ళ గుంపులో తెల్లచొక్కా కనపడకుండా పోయింది.

ఆమె వెనక్కి వచ్చేసరికి అమ్మమ్మ బోర్డు ముందు ఉంది. ఆమెకు చదువు రాదు. అయినా ఆ బొమ్మ చాలు.

"ఇంటికి తీసుకుపో నన్ను," అంది.

ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. తర్వాత గౌను అంచు సవరించుకుంటూ చెప్పింది.

"ఆ పేరు పెట్టింది నేనే."

వెర్లిన్ పిల్లని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది.

"పొద్దున్నే ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. తెడ్డు వాటేసుకుని ఉన్నాడు. చేతులు బిగుసుకుపోతే ఇద్దరు మనుషులు వేళ్ళు ఊడదీశారు. నేను కడుపుతో నీళ్ళలోకి వెళ్ళి, నా మొగుడేడిరా అన్నాను. నోరు తెరిచాడు, మాట రాలేదు. తెడ్డు తెచ్చుకోడానికి చేతులొచ్చాయి గానీ అన్నని తెచ్చుకోడానికి రాలేదా అన్నాను. ఊరంతా ఉంది అక్కడ. సాయంత్రానికల్లా వాడు తెడ్డు అయిపోయాడు."

"నాకెందుకు చెప్పలేదు అమ్మమ్మా?"

"నువ్వడిగావా? ఆ బోర్డు నాకు చూపించావా? వాడికి చూపించావా?" అమ్మమ్మ గొంతు పెరిగి, వెంటనే పడిపోయింది. "నిన్ననేం లాభంలే. మీకు పుట్టుకతోనే అది వాడి పేరు. ఇవాళ విందామనుకున్నానే వెర్లిన్. నాదే తప్పని చెప్పినా సరే, కూర్చుని విందామనుకున్నాను."

చంటిది ఆమె గౌను మీది నీలం పూసని పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. వెర్లిన్‌కి ఆ వేళ్ళు విడదీయాలన్న ధ్యాస కూడా లేకపోయింది. అమ్మమ్మే విడదీసింది.

సోమవారం పడవపందేలు అయిపోయి జనం పల్చబడ్డాక వెర్లిన్ పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని వెళ్ళింది. విషయం తెలిసినప్పటినుంచీ షెనెల్ మొహం వాచిపోయి ఉంది. బోర్డు అప్పటికే గోడమీంచి తీసేశారు. దాని వెనక రంగు కాస్త కొత్తగా, నలుచదరంగా మిగిలింది.

థియో బుట్ట అల్లుతున్నాడు. షెనెల్ మెట్ల దగ్గరే ఆగిపోయి, "తాతా, నేను... ఆ మాట అందంగా ఉంటుందని రాశాను. నాకు తెలీదు," అని బావురుమంది.

"నీకెలా తెలుస్తుందే పిచ్చిదానా. ఏడవకు, ఉప్పునీళ్ళు మన దగ్గర బోలెడున్నాయి."

"నేను వేసిన బొమ్మ చింపేశాను తాతా," అన్నాడు కడీమ్.

"చింపావా? అయ్యో. బాగా వేశావురా."

వెర్లిన్ తను అనుకుని వచ్చిన మాటలు మొదలుపెట్టింది. "తప్పు వీళ్ళది కాదండి. మీకు చదివి వినిపించమని వీడు అడిగాడు. నేనే అక్కర్లేదన్నాను. చంటిదానికి జ్వరమొచ్చి, నేను..."

"తగ్గిందా?"

"ఆఁ?"

"పిల్లకి తగ్గిందా జ్వరం?"

"తగ్గిందండి."

"అది చాలు. ఫోను తెచ్చావా? తియ్యి. పాపం వీళ్ళు పని పూర్తి చెయ్యాలిగా. రోజలిన్ గురించి చెప్తానన్నాను, చెప్తాను."

వెర్లిన్ వెంటనే ఫోను తీసింది. రికార్డు నొక్కి బల్ల మీద పెట్టింది.

ఆయన చెప్పాడు. చక్కగా, ఆగకుండా చెప్పాడు. తెల్ల సెడారు చెట్టు ఏ వెన్నెల్లో కొడితే పురుగు పట్టదో, వంగిన కొమ్మే ఎందుకు పడవకి పక్కటెముక అవుతుందో, చెక్కల మధ్య నార ఎలా దూరుస్తారో. వాళ్ళ నాన్న రోజూ అన్నదమ్ములిద్దర్నీ తిట్టేవాడట, ఒకడు కొలతలేకుండా కోస్తాడనీ, ఒకడు కొలుస్తూనే ఉంటాడనీ. పడవని నీళ్ళలోకి దించిన రోజున ఊరంతా తాడు పట్టుకుని లాగారట. పడవ మీద మేకని కోశారు, రమ్ము పోశారు, సీమపనస కూరా మొక్కజొన్న సంకటీ గుండిగలతో వండారు. ఆల్బన్ పడవ ముక్కు మీద నిలబడి పాడబోయి, పడవ కదలగానే ఉన్నబట్టలతో నీళ్ళలో పడ్డాడు. అప్పుడాయన వేసిన కేక థియో అచ్చం అలాగే వేసి చూపించాడు. షెనెల్ కన్నీళ్ళతోనే పకపకా నవ్వింది. కడీమ్ బల్ల చరిచాడు. తాతకి తమ మీద కోపం పోయిందని ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి.

కోపం లేదు. అది వెర్లిన్‌కి కూడా తెలుస్తోంది. ఆయన నవ్వు దొంగనవ్వు కాదు. కానీ కథ మలుపు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ, రాయిని చూసిన పడవలా, ఆయన పక్కకి తిప్పుకుని వెళ్ళిపోతున్నాడు.

"ఆ తర్వాత ఏమైంది తాతా ఆ పడవ?" అని కడీమే అడిగేశాడు.

"ఏ పడవకైనా ఏమవుతుందిరా? కొన్నాళ్ళు తిరిగింది, అయిపోయింది." లేచి లోపలికి వెళ్ళి చింతపండు ఉండల సీసా తెచ్చాడు. పంచదార అద్దినవి. తలొకటి చేతిలో పెట్టాడు. వెర్లిన్ చేతిలో పెడుతూ ఆమె మొహంలోకి చూశాడు.

"హాల్లో చెప్దామనే వచ్చాను," అన్నాడు పిల్లలకి వినపడనంత చిన్నగా. "దానికి చానాళ్ళు ధైర్యం కూడబెట్టుకున్నాను. ఇప్పుడు వెతికితే లేదు." తర్వాత మామూలు గొంతుతో, "చాలు కదూ, ఆల్బన్ మనవరాలా?"

ఇంకా ఏదో అడగవచ్చు. అమ్మమ్మ వినాలనుకుందని చెప్పవచ్చు. ఆ పేరు పెట్టింది తనేనని ఆమె ఒప్పుకుందని, ఆ మాటకి ఇప్పుడు ఆమెకు నిద్రపట్టడం లేదని చెప్పవచ్చు. వెర్లిన్ నోరు తెరిచింది. ఆయన చేతులు ఆమెకు కనపడ్డాయి. సీసా మూత బిగిస్తున్నాయి. బిగిసిన తర్వాత కూడా తిప్పుతూనే ఉన్నాయి.

"చాలు మిస్టర్ థియో," అంది.

ఇంటికి వచ్చేసరికి అమ్మమ్మ గేటు దగ్గరే ఉంది. అక్కడ నిలబడ్డానికి పనేమీ లేదు.

"మాట్లాడాడా?"

"మాట్లాడాడు."

"ఏం చెప్పాడు?"

"పడవ ఎలా కట్టారో చెప్పాడు. దించినరోజు సంగతి చెప్పాడు. తాత నీళ్ళలో పడ్డం."

"ఇంకా?"

వెర్లిన్ ఫోను సంచిలో లోపలికంటా తోసేసింది. "అంతే అమ్మమ్మా."

అమ్మమ్మ తలాడించింది. గేటు కమ్మీ పట్టుకుని రోడ్డు చివరికి, ఆ ఒంటరి ఇల్లున్న వైపు చూసింది.

"మేకని కోసింది చెప్పాడా?"

"చెప్పాడు."

"నాదే ఆ మేక. మా నాన్న నా పెళ్ళికని పెంచాడు. పడవ ముఖ్యమని ఆల్బన్ బతిమాలి పట్టుకుపోయాడు. ఆ పిల్లాడు, థియో, దాన్ని మా ఇంటినుంచి ఒడ్డుదాకా భుజాల మీద మోసుకెళ్ళాడు. దారంతా దానికి క్షమాపణలు చెప్తూనే ఉన్నాడు, పిచ్చివెధవ." ఆమె నవ్వబోయి, మధ్యలో ఆపేసి లోపలికి వెళ్ళిపోయింది.